ఎండుకట్టెలా కనిపించే ఎడారి రాణి: హైదరాబాదు డాబా మీద పెంచే పద్ధతి

హైదరాబాదులో ఏ నర్సరీకి వెళ్ళి ‘క్వీన్ ఆఫ్ ది నైట్’ కావాలని అడిగినా, మూడు వేర్వేరు మొక్కల్లో ఏదో ఒకటి చేతికిస్తారు. మొదటిది నైట్ క్వీన్, పాతబస్తీ వాడుకలో రాత్‌కీ రాణి. అది సన్నటి పూలు గుత్తులుగా పూసే పొద. కాక్టస్ కుటుంబంతో దానికి ఏ సంబంధమూ లేదు. రెండవది మనవాళ్ళు బ్రహ్మకమలం అని పిలుచుకునే ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్. అది కాక్టసే, రాత్రే పూస్తుంది. కానీ ఎడారి మొక్క కాదు, మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద బతికే మొక్క. (అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసే వేరే పువ్వు, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం.) మూడవది స్తంభంలా నిటారుగా పెరిగే సీరియస్, దక్షిణ అమెరికాది. ఈ మూడింటిలో ఏదీ నేను ఈ వ్యాసంలో చెప్పబోయే మొక్క కాదు.

నేను చెప్పేది పెనియోసీరియస్ గ్రెగ్గీ గురించి. అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో, టెక్సాస్ రాష్ట్రాల్లోనూ, మెక్సికో ఉత్తర భాగంలోనూ ఉన్న సోనోరా, చిహువాహువా ఎడారులు దాని పుట్టిల్లు. అక్కడి స్పానిష్ మాటలో దాని పేరు ‘రేనా దె లా నోచే’, అంటే రాత్రి రాణి. జోసయా గ్రెగ్ అనే వర్తకుడు, ప్రకృతి పరిశీలకుడి పేరు దీనికి పెట్టారు. జార్జ్ ఎంగెల్మాన్ 1848లో దీన్ని సీరియస్ ప్రజాతిలో చేర్చి వర్ణించగా, బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1909లో పెనియోసీరియస్ అనే ప్రజాతిని వేరుచేశారు. గ్రీకులో ‘పెనియోస్’ అంటే దారం. ఆ సన్నటి కాండాలను చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో వెంటనే తెలిసిపోతుంది.

ఏడాదిలో 364 రోజులు ఈ మొక్కను చూసి ఎవరూ మెచ్చుకోరు. పెన్సిలు కంటే కాస్త లావైన, నాలుగైదు కోణాలున్న, బూడిదరంగు కాండాలు రెండు మూడు ఏ పొదలోనో ఆనుకుని నిలబడి ఉంటాయి. ముళ్ళు చాలా చిన్నవి, కాండానికి అతుక్కుని ఉంటాయి. పొలం గట్టున ఎండబెట్టిన కందికట్టెల్లో దీన్ని కలిపేస్తే మళ్ళీ వేరుచేయడం కష్టం. నేను పెంచడం మొదలుపెట్టిన కొత్తలో మా అమ్మ రోజూ డాబా మీదికి వచ్చి, “ఎండుకట్టెకు నీళ్ళెందుకు పోస్తున్నావురా?” అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు కుండీ లోపల, మట్టి కింద ఉంది. ఈ మొక్క ప్రాణమంతా ముల్లంగి, చిలగడదుంపల వంటి ఆకారంలో ఊరే దుంపలో ఉంటుంది. నీరు, ఆహారం అక్కడే దాచుకుంటుంది. ఎండకు గానీ జంతువుల వల్ల గానీ పైకాండం పోయినా, దుంప నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. ఎడారిలో వయసు మళ్ళిన మొక్కల దుంపలు అనేక కిలోల బరువు తూగుతాయి. అందువల్ల ఈ మొక్కను పెంచడమంటే దుంపను పెంచడం, ముఖ్యంగా మన వానాకాలంలో ఆ దుంప కుళ్ళకుండా కాపాడడం. ఈ ఒక్క విషయం చేతికి వస్తే మిగిలిన పనులన్నీ తేలికే.

మన ఊరికీ దాని ఊరికీ పొంతన

అరిజోనాలోని టూసాన్ నగరంలో ఏడాది మొత్తానికి పడే వాన 300 మిల్లీమీటర్లకు లోపే. హైదరాబాదులో దాదాపు 800 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపల కురుస్తుంది. ఈ తేడా చూసి ఇక్కడ ఈ మొక్క బతకదని తేల్చేయనక్కరలేదు. సోనోరా ఎడారికీ ఒక వానాకాలం ఉంది. అక్కడ జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో కూడిన వానలు పడతాయి, ఆ వానల్లోనే మొక్క దుంపను నింపుకుంటుంది. అంటే వేసవి తర్వాత వాన తాగడం దానికి అలవాటే. దానికి అలవాటు లేనిది రోజుల తరబడి ఆరని మట్టి, నాలుగు రోజులు విడవని ముసురు. ఆ రెండూ మన దగ్గర ఉన్నాయి కాబట్టి వాటి నుంచే కాపాడాలి.

మిగిలిన విషయాల్లో దక్కన్ పీఠభూమి దీనికి బాగానే నప్పుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ దీనికి కొత్త కాదు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి రాత్రులు చల్లగా ఉంటాయి గానీ మంచు గడ్డకట్టేంత కాదు, పైగా ఆ నెలల్లో వాన ఉండదు. పొడిగా, చల్లగా గడిచే విశ్రాంతి కాలం మొక్కకు అయాచితంగా దొరుకుతుంది.

నీడ విషయంలో మాత్రం చాలామంది పొరపడతారు. ఎడారి మొక్క కదా అని మిట్టమధ్యాహ్నపు ఎండలో, పిట్టగోడ పక్కన కాలిపోయే సిమెంటు నేల మీద పెట్టేస్తారు. ఎడారిలో ఇది సాధారణంగా బట్టబయలున పెరగదు. క్రియోసోట్, ఐరన్‌వుడ్, మెస్కీట్ వంటి పొదల కింద, వాటి చిల్లుల నీడలో, వాటి కొమ్మలనే ఊతగా చేసుకుని పెరుగుతుంది. మన ఊళ్ళ చుట్టూ బీడు నేలల్లో కమ్ముకుపోయిన సర్కారు తుమ్మ ఆ మెస్కీట్‌కు దగ్గరి చుట్టమే. మిట్టమధ్యాహ్నం సర్కారు తుమ్మ కింద నిలబడి కాళ్ళ దగ్గర నేల మీద పడే వెలుగునీడల్ని చూడండి. కుండీ మీద పడవలసిన వెలుతురు సరిగ్గా అంతే. డాబా మీద దాన్ని తెచ్చుకోవడానికి మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి, లేదా ఉదయపు ఎండ తగిలి, పన్నెండు గంటల తర్వాత నీడ పడే తూర్పు వైపు గోడ దగ్గర పెట్టాలి. శీతాకాలంలో నెట్ తీసేసి పూర్తి ఎండ తగలనివ్వాలి.

మొక్క ఎక్కడిది

ఎడారి నుంచి తవ్వి తెచ్చిన మొక్కను ఎవరైనా అమ్ముతామన్నా కొనవద్దని ముందే చెప్పాలి. అరిజోనా చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈ మొక్కను తవ్వడం నేరం. పైగా కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం 1975 నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉంది. విదేశాల నుంచి మొక్కలు గానీ గింజలు గానీ తెప్పించుకోవాలంటే 2003 నాటి మన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, చీడపీడలు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఇవేవీ లేకుండా కవరులో పెట్టి పంపుతామనే వాళ్ళ జోలికి వెళ్ళకండి. దేశంలోనే కాక్టస్‌లు పెంచే వాళ్ళు తమ మొక్కలకు కాసిన గింజలను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటారు, కొందరు రెండు మూడేళ్ళు పెంచిన మొక్కలను అమ్ముతారు. గింజ నుంచి పెంచిన మొక్కేనా అని అడగండి. తడబడకుండా జవాబు చెప్పేవారి దగ్గరే తీసుకోండి.

కాక్టస్‌లు ఇంతకు ముందు పెంచని వారికి నాదొక సలహా. స్తంభపు సీరియస్ మొక్క ఒకటి ముందు తెచ్చి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పెంచి చూడండి. అదీ రాత్రే పూస్తుంది, అరచేయంత తెల్లటి పువ్వు. మన తప్పులను చాలావరకు భరిస్తుంది. దాన్ని కుళ్ళిపోకుండా దాటించగలిగితే గ్రెగ్గీ జోలికి ధైర్యంగా రావచ్చు.

మట్టి, కుండీ

ఈ మొక్క విషయంలో నేను ఎక్కువ సమయం పెట్టేది మట్టి కలపడం మీదే. నర్సరీల్లో అన్ని మొక్కలనూ కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో, పెట్టి అమ్ముతున్నారు. అది నీటిని స్పాంజిలా పట్టి ఉంచుతుంది, ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ తడవడానికి మొరాయిస్తుంది. గ్రెగ్గీ దుంపకు ఆ రెండు గుణాలూ ప్రాణాంతకాలే. నల్లరేగడి మట్టి ఒక్క పిడికెడు కూడా కలపకూడదు. నేను వాడే పాళ్ళు ఇవి: జల్లించిన గరుకు రోబో ఇసుక మూడు పాళ్ళు, శనగగింజంత కొట్టిన ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, ఎర్ర చెల్క మట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన వర్మీ కంపోస్టు ఒక పాలు, దీనికి తోడు పది కుండీలకు సరిపడా మిశ్రమంలో రెండు గుప్పిళ్ళ కర్రబొగ్గు పొడి, ఒక గుప్పెడు వేపపిండి.

రోబో ఇసుక గురించి ఒక మాట వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదులో దొరికే వాటిలో ఈ పనికి ఇంత చవకైనది, ఇంత సరిపోయేది మరొకటి లేదు, సరిగా వాడకపోతే ఇంత హాని చేసేదీ మరొకటి లేదు. అది గ్రానైటు రాయిని మరలో ఆడించిన ఇసుక. గుప్పెడు తీసుకుని అరచేతిలో రుద్దితే బూడిదరంగు పొడి చేతికి అంటుకుంటుంది. ఆ పొడిని అలాగే వదిలేస్తే మొదటి నాలుగు నీళ్ళకే కుండీ అడుగుకు దిగి, సున్నపు గారలా గట్టిపడి, రంధ్రాన్ని మూసేస్తుంది. అందుకని తాపీ పనివాళ్ళు గోడ పూతకు వాడే జల్లెడతో జల్లించి, కిందికి దిగిన సన్నటి భాగాన్ని పారేసి, జల్లెడలో మిగిలిన గరుకు భాగాన్ని మాత్రమే తీసుకోవాలి. దాన్ని బకెట్‌లో వేసి, నీళ్ళు తేటపడే దాకా నాలుగైదు సార్లు కడగాలి. ఎండలో ఆరబెట్టిన తర్వాతే మిశ్రమంలో కలపాలి. మిశ్రమం సరిగా కుదిరిందో లేదో చూడడానికి కుండీ నింపి, ఒక చెంబెడు నీళ్ళు ఒక్కసారిగా పోయండి. నీళ్ళు పైన నిలబడకుండా, మీరు ఐదు అంకెలు లెక్కపెట్టే లోపు అడుగు నుంచి కారాలి. కారకపోతే ఇటుక ముక్కలు ఇంకో పాలు కలపండి.

కుండీ మట్టిదే ఉండాలి, ప్లాస్టిక్‌ది వద్దు. మట్టి కుండీ గోడల గుండా కూడా తడి ఆరిపోతుంది. వెడల్పు కంటే లోతు ముఖ్యం. రెండేళ్ళ మొక్కకు 8 అంగుళాలు, పెద్ద దుంపకు 12 నుంచి 14 అంగుళాల లోతు కావాలి. రంధ్రం చిన్నదిగా ఉంటే మేకుతో మెల్లగా చెక్కి పెద్దది చేసి, మీద ఒక పెంకు ముక్క బోర్లించాలి. కుండీ కింద నీళ్ళు నిలిచే పళ్ళెం పెట్టకూడదు. రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. దుంపను నాటేటప్పుడు దాని మెడ, అంటే కాండం మొదలయ్యే చోటు, మట్టి మట్టానికి సమంగా గానీ అర అంగుళం కిందికి గానీ ఉండాలి, అంతకంటే లోతుకు పోకూడదు. మెడ చుట్టూ గరుకు ఇసుక మాత్రమే పోస్తే అక్కడ తడి నిలవదు. పక్కన ఒక వెదురు కర్ర పాతి, కాండాన్ని మెత్తటి నూలు తాడుతో వదులుగా కట్టాలి. ఊతం లేకపోతే కాండం దాని బరువుకే వంగి విరుగుతుంది.

గింజ నుంచి

గింజలు నల్లగా, ఆవగింజ కంటే కాస్త పెద్దవిగా ఉంటాయి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ లోపు, పగటి వేడి 30 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు వేయాలి. పైన చెప్పిన మట్టినే సన్నగా జల్లించి, ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టించండి. నారుమొక్కలను చంపే శిలీంధ్రం చాలావరకు దానితోనే పోతుంది. చల్లారాక, అడుగున చిల్లులు పెట్టిన పారదర్శకమైన మిఠాయి డబ్బాలో రెండు అంగుళాల మందాన పోసి, రాత్రంతా నానబెట్టిన గింజలను పైన చల్లి, అవి కనబడీ కనబడనట్టు సన్నటి ఇసుక పొర వేయాలి. డబ్బాను నీళ్ళున్న పళ్ళెంలో ఉంచితే తడి కింద నుంచి ఎక్కుతుంది. మూత పెట్టి నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచితే ఒకటి నుంచి మూడు వారాల్లో మొలకలు వస్తాయి. ఈ దశలో బోరు నీళ్ళు వాడకండి. మన బోరు నీళ్ళలోని సున్నం మట్టి మీద తెల్లటి పొరలా పేరుకుని పసిమొక్కల మెడలను పట్టేస్తుంది. పట్టి ఉంచిన వాన నీళ్ళు అన్నిటికంటే మేలు.

మొలకలు నిలదొక్కుకున్నాక, మూతను మొదట రోజుకు గంటసేపు, తర్వాత పూటంతా తీసి ఉంచుతూ నెల రోజుల్లో పూర్తిగా తీసేయాలి. మొదటి ఏడు చివరికి కాండం అగ్గిపుల్లంత లావు ఉంటుంది, దుంప పల్లీకాయంత ఉంటుంది. అంత చిన్న మొక్కకు అప్పుడే అంత దుంపా అని ఆశ్చర్యం కలుగుతుంది. నారు తీసి విడివిడి కుండీల్లో పెట్టడం రెండవ ఏడు చలికాలం దాటాక చేయాలి, అంతకు ముందు కదపకపోవడమే మంచిది. నాలుగైదేళ్ళు నిండకుండా పువ్వును ఆశించకూడదు.

తొందరపడేవాళ్ళు చిన్న మొక్కను డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటుకడతారు. డ్రాగన్ ఫ్రూట్ తోటలు ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి కాండానికి కొదువ లేదు, అంటు కూడా సులువుగా పడుతుంది, మొక్క వేగంగా పెరుగుతుంది. అయితే అలా కట్టిన మొక్కకు సొంత దుంప ఊరదు. నాకు ఆ పద్ధతి నచ్చదు. దుంప లేని గ్రెగ్గీ ఇంకొకరి కాళ్ళ మీద నిలబడ్డ మొక్క, దాని స్వభావమే మనకు తెలియకుండా పోతుంది. విరిగిన కాండం చేతికొస్తే మాత్రం పారేయకుండా, వేసవి మొదట్లో జానెడు ముక్కగా కోసి, కోత మీద గంధకం పొడి అద్ది, నీడలో పది రోజులు ఆరబెట్టి, పొడి ఇసుకలో రెండు అంగుళాలు గుచ్చి పెట్టండి. వేళ్ళు పట్టేదాకా నీళ్ళు చిలకరించడమే తప్ప పోయకూడదు.

నీళ్ళు: నెల నెలా

చాలా కాక్టస్‌ల లాగే ఇదీ పగలు ఆకురంధ్రాలను మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకునే మొక్క. అందుకే నీళ్ళు సాయంత్రం పొద్దుగుంకాక పోయడం మంచిది. మధ్యాహ్నం కాలిన కుండీలో పోసిన నీళ్ళు దుంపను ఉడికిస్తాయి.

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నీళ్ళు దాదాపు మానేయాలి. నెలకొకసారి కుండీ అంచు వెంట ఒక గ్లాసు చాలు. ఫిబ్రవరి చివర కాండం కొసలు లేతగా ఊదారంగులోకి తిరగడం కనిపిస్తే మొక్క లేచిందన్నమాట; అప్పుడు మొదటి నిండు నీళ్ళు పోయాలి. మార్చి నుంచి మే చివరి దాకా మట్టి పూర్తిగా ఆరిన తర్వాత, అడుగు నుంచి కారేదాకా పోయాలి. మా డాబా మీద అది వారానికొకసారి అవుతోంది, రోహిణీ కార్తెలో ఐదు రోజులకొకసారి. ఆరిందో లేదో పైమట్టిని చూసి చెప్పలేము. ఐస్‌క్రీం పుల్లో, వెదురు పుల్లో కుండీ అంచు దగ్గర అడుగుదాకా గుచ్చి, అక్కడే ఉంచేయండి. దాన్ని లాగి చూస్తే కొస చల్లగా, ముదురు రంగులో ఉన్నంతకాలం నీళ్ళు అక్కరలేదు.

మృగశిర కార్తె ప్రవేశించేలోగా కుండీలన్నీ రేకు కిందికి చేరాలి. ఇది వాయిదా వేయకూడని పని. మొదటి ఒకటి రెండు జల్లులకు మొక్కను తడవనివ్వవచ్చు, దానికి మంచిదే. ఆ తర్వాత మాత్రం పైన పారదర్శకమైన రేకు, నాలుగు వైపులా గాలి ఉండాలి. గాలి ఆడని మూలలో పెడితే వాన తగలకపోయినా గాలిలోని తేమకే మెడ దగ్గర బూజు పడుతుంది. వానాకాలంలో పన్నెండు, పదిహేను రోజులకొకసారి, అదీ రెండు రోజులు వరసగా ఎండ కాసిన తర్వాతే నీళ్ళు పోయాలి.

ఈ నియమం నాకు నష్టపోయాక తెలిసింది. ఆరేళ్ళ కిందట ఆగస్టులో పెళ్ళికి ఊరెళ్తూ, రేకు కింద చోటు లేక ఒక కుండీని పిట్టగోడ పక్కన వదిలి వెళ్ళాను. నాలుగు రోజులు ముసురు పట్టింది. తిరిగి వచ్చి చూస్తే కాండం పచ్చగానే ఉంది, ఏమీ కాలేదనుకున్నాను. వారం తర్వాత కాండాన్ని ముట్టుకుంటే అది మెడ దగ్గర నుంచి చేతిలోకి ఊడి వచ్చింది. దుంపను తీస్తే కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన. కోస్తే తెల్లటి గుజ్జు మధ్యలో గోధుమరంగు వలయాలు. ఎంత దూరం కోసినా ఆ వలయం పోలేదు. కాండం పై కొస నుంచి కోసిన జానెడు ముక్కే ఆ మొక్కలో మిగిలింది. కాండం పచ్చగా ఉందని దుంప బాగున్నట్టు కాదు, కాండం ఎండిందని దుంప చచ్చినట్టూ కాదు. అనుమానం వచ్చిన రోజే మెడ దగ్గర ఇసుకను పక్కకు తీసి, దుంప భుజాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. పచ్చి ముల్లంగిలా గట్టిగా ఉంటే భయం లేదు. మెత్తగా దిగబడితే వెంటనే బయటికి తీసి, చెడిన భాగాన్ని తెల్లటి గుజ్జు వచ్చేదాకా కోసి, ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడిచి, గాయం మీద గంధకం గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ అద్ది, గాలి ఆడే నీడలో రెండు వారాలు ఆరబెట్టండి. అప్పటికి గాయం మీద బెరడు కడుతుంది. ఆ తర్వాత పొడి మట్టిలో నాటి, మరో వారం దాకా నీళ్ళు పోయకూడదు.

ఎరువు ఎక్కువ అక్కరలేదు. మార్చిలో ఒకసారి, జూలైలో ఒకసారి కుండీకి చెంచాడు ఎముకల పొడి చాలు. పచ్చి పేడ, యూరియా వేస్తే కాండం నీరుపట్టి మెత్తబడుతుంది.

చీడల్లో పిండినల్లిని మాత్రం కనిపెట్టి ఉండాలి. కాండం మీద దూది ఉండల్లా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచేయవచ్చు. అది వేళ్ళలో చేరినప్పుడే కనబడదు. రెండేళ్ళకొకసారి ఫిబ్రవరిలో మట్టి మార్చేటప్పుడు వేళ్ళను పరిశీలించి, తెల్లటి పొడి కనిపిస్తే కడిగి, వేపనూనె కలిపిన నీళ్ళలో ముంచి, ఆరబెట్టి నాటాలి. ఊరి శివార్లలో ఉండేవాళ్ళకు పందికొక్కులు, కోతులు అసలు శత్రువులు. దుంపను తవ్వేవి పందికొక్కులు, కాండాన్ని విరిచేవి కోతులు. కుండీ చుట్టూ కోళ్ళ జాలీ కట్టడమే నాకు తెలిసిన ఉపాయం.

పువ్వు

ఎడారిలో ఒక ప్రాంతంలోని గ్రెగ్గీలు చాలావరకు జూన్ చివరికి కాస్త అటూ ఇటూగా ఒకటి రెండు రాత్రుల్లోనే కలిసి పూస్తాయి. టూసాన్‌లోని టొహోనో చుల్ ఉద్యానంలో ఆ రాత్రి ఏదో ముందుగా చెప్పలేక, మొగ్గలను రోజూ గమనిస్తూ, తీరా ఆ రాత్రి రాగానే జనానికి కబురు చేసి తోట తలుపులు తెరుస్తారు. మన ఎండలు ముందే ముదురుతాయి కాబట్టి మా ఇంట్లో మే నెలలోనే పూస్తోంది. మొగ్గలు కాండం పక్కల నుంచి చిన్న మొటిమల్లా మొదలవుతాయి. అవి కనిపించాక కుండీని జరపకూడదు, దిక్కు మార్చకూడదు, నీళ్ళు ఆలస్యం చేయకూడదు. ఈ మూడింటిలో ఏది జరిగినా మొగ్గ పసుపుబారి రాలిపోతుంది. చివరి వారంలో మొగ్గ గొట్టం రోజురోజుకూ కళ్ళముందే సాగుతుంది. విచ్చుకునే రోజు సాయంత్రం కొస ఉబ్బి, బయటి రేకుల సందుల్లో తెలుపు తొంగిచూస్తుంది. అది కనిపిస్తే ఆ రాత్రి నిద్ర మానుకోవాలి.

మా మొక్క మొదటిసారి పూసిన రోజున ఏడున్నరకు బయటి రేకులు వదులయ్యాయి. ఎనిమిదింబావుకు ఒక్కొక్క రేకు చిన్న కుదుపుతో వెనక్కి జరగడం టార్చి వెలుతురులో కనిపించింది. తొమ్మిదిన్నరకు పువ్వు పూర్తిగా విచ్చుకుంది: జానెడు పొడవు సన్నటి గొట్టం, దాని చివర మొనదేలిన తెల్లటి రేకులు, మధ్యలో లేతపసుపు కేసరాలు, వాటి నడుమ నుంచి పైకి వచ్చి చేతివేళ్ళలా విడిన కీలాగ్రం. మెట్ల కింద గేటు దగ్గర నిలబడ్డ మా నాన్నగారు, వాసన అక్కడిదాకా వచ్చిందని పైకి ఎక్కి వచ్చారు. సన్నజాజిలా తీపి వాసనే గానీ అంత మత్తుగా ఉండదు. మా అమ్మ కుర్చీ తెప్పించుకుని పదకొండు దాకా ఆ ఎండుకట్టె పక్కనే కూర్చుంది. పొద్దున సూర్యుడు పిట్టగోడ దాటేసరికి పువ్వు ముడుచుకుపోయింది.

ఎడారిలో హాక్‌మాత్ అనే పెద్ద రెక్కల పురుగులు రాత్రిపూట ఈ గొట్టంలోకి పొడవైన నాలుక చాచి తేనె తాగుతూ పుప్పొడిని మోస్తాయి. డాబా మీద ఆ పని మనమే చేయాలి. ఒక మొక్క పుప్పొడి అదే మొక్క పువ్వులో పనిచేయదు. వేర్వేరు గింజల నుంచి వచ్చిన రెండు మొక్కలు ఒకే రాత్రి పూయాలి. ఒకే మొక్క కాండం నుంచి తెచ్చుకున్న ముక్కలు రెండున్నా లాభం లేదు. అందుకే మొదటినుంచే నాలుగైదు మొక్కలు పెంచమంటాను. పది గంటలు దాటాక మెత్తటి నీటిరంగుల బ్రష్‌తో ఒక పువ్వు కేసరాలను తాకి, రెండవ పువ్వు కీలాగ్రం మీద పుప్పొడి కనబడేలా అద్దాలి. తర్వాత ఇటు నుంచి అటు కూడా చేయాలి. నాలుగు రోజుల తర్వాత వాడిన గొట్టం కింద అండాశయం పచ్చగా బిగువుగా నిలిస్తే కాయ పట్టినట్టే.

కాయ మెల్లగా ఊరి, పండాక ఎర్రగా మెరుస్తుంది. పక్షులు, ఉడతలు ఆ ఎరుపును మనకంటే ముందే కనిపెడతాయి కాబట్టి రంగు తిరగడం మొదలవగానే పలుచటి గుడ్డసంచి కట్టండి. పూర్తిగా పండిన కాయను కోసి, గుజ్జును టీ వడపోతలో వేసి నీళ్ళ కింద రుద్దితే గింజలు మిగులుతాయి. వాటిని కాగితం మీద వారం రోజులు నీడలో ఆరబెట్టి, ఏ మొక్కకు ఏ మొక్క పుప్పొడి అద్దారో, కోసిన తేదీ ఏమిటో కాగితపు కవరు మీద రాసి, తడి తగలని డబ్బాలో పెట్టుకుంటే వచ్చే ఫిబ్రవరికి మళ్ళీ మిఠాయి డబ్బా బయటికి తీయవచ్చు.